ఎనిమిది దొంగ రివెట్లు

సాయంత్రం నాలుగు గంటలకు ఫారూఖ్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోగా అతను హంతకుడు కాదని తేల్చకపోతే, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుకుని బతికే ఆ మనిషి మళ్ళీ ఎన్నేళ్ళకు ఇల్లు చేరతాడో చెప్పేవాడు లేడు. డిటెక్టివ్ షానవాజ్ ఆత్మకూరు పోలీసుస్టేషన్ మెట్లెక్కేసరికి గోడ గడియారం పదీ పది చూపిస్తోంది.

నిజం చెప్పుకోవాలంటే, పొద్దున్నే అతన్ని నెల్లూరు నుంచి పరిగెత్తించింది ఫారూఖ్ మీద జాలి ఒక్కటే కాదు. ఈ కేసు పట్టుకున్నది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కరుణశ్రీ. ఆరేళ్ళ కిందట ఇద్దరూ ఒకే చోట ఎస్సైలు. లాకప్పులో ఉన్న మనిషిని షానవాజ్ చితకబాదాడని ఆమె పైవాళ్ళకు రెండు పేజీల రిపోర్టు రాసింది. కొట్టింది అతను కాదు. కానీ వినేదెవరు? ఇతని ఒంటిమీది ఖాకీ ఊడింది, ఆమె భుజం మీద నక్షత్రం పెరిగింది. ఆమె కట్టిన కేసు ఒక్కటి, ఒకే ఒక్కటి, నలుగురి ముందు కూల్చేయాలని ఆనాటి నుంచి కాచుకుని ఉన్నాడు. నిన్న రాత్రి ఫారూఖ్ తల్లి మస్తాన్బీ ఫోన్ చేసి ఏడుస్తుంటే, ఓదార్పు మాట చెప్పే ముందు అతను అడిగింది సీఐ పేరే. పేరు వినగానే ఫీజు సంగతి కూడా ఎత్తలేదు.

కేసు సంగతి ఇదీ. ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి వరదయ్య అనే రిటైరైన వర్క్‌షాపు మాస్టారు తన ఇంటి వెనక షెడ్డులో చచ్చిపోయాడు. మూడేళ్ళుగా ఆయనకు ఒకటే పిచ్చి. ఇంగ్లండు నుంచి నెలకో పెట్టె చొప్పున విడిభాగాలు తెప్పించుకుని, గజం పొడవు ఆవిరి రైలింజను కడుతున్నాడు. చూడ్డానికి బొమ్మే. కానీ బొగ్గు వేస్తే నిజంగానే ఆవిరి పుట్టి, వెనక చిన్న బండి మీద కూర్చున్న మనిషిని లాక్కుపోతుంది. తొలిసారి మంట పెట్టిన రోజే బాయిలర్ వెనక పలకకున్న ఇత్తడి బిరడా ఊడి, తుపాకి గుండులా వచ్చి ఆయన గొంతులో దిగింది. వెనకే తన్నుకొచ్చిన ఆవిరి ముఖమంతా కాల్చేసింది.

ఆ బిరడా మరతో బిగించి ఉండాలి. పోలీసులకు దొరికినదానికి మర లేదు. చుట్టూ సీసం టంకం పూసి ఉంది. చన్నీళ్ళకు ఆగుతుంది గానీ మంట తగిలితే మెత్తబడిపోయే టంకం అది. అంటే ఎవరో అసలు బిరడా తీసేసి, చావును బిగించిపెట్టారు. ఆ షెడ్డులో సీసం టంకంతో పనిచేసే మనిషి ఒక్కడే, ఫారూఖ్.

అతను అక్కడ చేసే పని రివెట్లు పెట్టడం. నిజం రైలింజనులో రేకుల్ని కలిపి పట్టేది రివెట్లే. ఈ చిన్న ఇంజనులో రేకుల్ని లోపలినుంచి మరమేకులే పడతాయి, రివెట్లు పైకి అందం కోసం మాత్రమే. రేకుకు సన్నటి బెజ్జం వేసి, ఆవగింజంత తల ఉన్న ఇత్తడి రివెట్ దూర్చి, వెనకనుంచి చుక్క టంకం పెట్టి, మిగిలిన తోక ఆకురాయితో అరగదీయాలి. అలాంటివి వందలకొద్దీ. వరదయ్య కళ్ళకు శుక్లాలు. ఆవగింజ సంగతలా ఉంచి ఆవు కూడా మసకే. అందుకని చెయ్యి తిరిగిన చెక్కపనివాణ్ణి ఉదయగిరి నుంచి పిలిపించుకున్నాడు. వాటికి దొంగ రివెట్లని పేరు పెట్టింది ఫారూఖే.

ఇక పగ అంటారా, అదీ సీఐ చేతిలో సిద్ధంగానే ఉంది. ఏడేళ్ళ కిందట వరదయ్య పనిచేసిన ప్రైవేటు శిక్షణ కేంద్రంలో, చిన్నప్పటి చెక్కపని వదిలి చేరిన ఫారూఖ్ తమ్ముడు వలి ఎడమ చెయ్యి మిషన్‌లో పడి మణికట్టు దాకా పోయింది. మిషన్‌కు ఉండాల్సిన రక్షణ మూత కుర్రాడే తీసేశాడని వరదయ్య కాగితం రాసిచ్చాడు. తప్పు వలి నెత్తిన పడింది. కేంద్రం మూతపడింది, చెయ్యి మాత్రం మళ్ళీ మొలవలేదు. తమ్ముడి చేతికి అన్న పగ తీర్చుకున్నాడు, అంతే కదా అంటుంది కరుణశ్రీ.

లాకప్పు ఊచల వెనక ఫారూఖ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. వేళ్ళ కొసలు గట్టిపడి, గోళ్ళ కింద ఇంకా ఇత్తడి రజను ఉంది. షానవాజ్ తనెవరో చెప్పి, మీ అమ్మ పంపిందన్నాడు. ఫారూఖ్ తల తిప్పుకున్నాడు.

"నేనే చేసినాను సార్. రాసుకోండి, అయిపోద్ది," అన్నాడు.

ఎప్పుడు చేశావంటే, శనివారం బస్సెక్కే ముందన్నాడు. బస్సు ఐదూ నలభైకి. ఎంతసేపు పట్టిందంటే, లెక్క చూసుకోలేదన్నాడు. అసలు బిరడా ఏం చేశావంటే, పారేశానన్నాడు. ఎక్కడ పారేశావంటే, పారేశాననే మళ్ళీ అన్నాడు. కొత్త బిరడా పైకి కనబడకుండా ఏం చేశావని షానవాజ్ అడిగాడు.

"ఏం చేస్తాం. అట్టే ఉన్నింది."

"మూసింది ఏమీ లేదా?"

"లేదంటా ఉండా కదా సార్."

ఆ ఒక్క జవాబు మాత్రం ఫారూఖ్ తడుముకోకుండా చెప్పాడు. మిగతావన్నీ ఎవరికో కాపలా కాస్తున్నట్టు చెప్పాడు. మనిషి అబద్ధమాడుతున్నాడని షానవాజ్‌కు అర్థమైంది. ఎవరికోసమో అడుగుదామని నోటిదాకా వచ్చింది కూడా. అంతలో వెనకనుంచి కరుణశ్రీ గొంతు వినబడి, ఆ ప్రశ్న అక్కడే ఆవిరైపోయింది.

ఆమె టీగ్లాసు పట్టుకుని తాపీగా వచ్చింది. కుశలమడిగింది. ఒప్పుకున్న ముద్దాయిని కూడా విడిపించే విద్య నేర్చావా అని నవ్వింది. షానవాజ్‌కు ఒళ్ళు మండింది. షెడ్డు చూడాలి, అనుమతి ఇవ్వండన్నాడు. కాదంటుంది, అప్పుడు లాయరు చేత అర్జీ పెట్టించాలని ముందే సిద్ధమై వచ్చాడు. ఆమె కాదనలేదు.

"చూడు. కానిస్టేబుల్‌ని తోడు పంపిస్తా. ఏది దొరికినా ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాయించు. మూడు గంటలకల్లా వచ్చి నాకు చెప్పు," అంది.

అంత సులువుగా ఎందుకు ఒప్పుకుందో ఆలోచించాల్సింది. పొగరనుకున్నాడు. ఈ పొగరు ఇవాళ దించకపోతే నా పేరు షానవాజే కాదనుకుంటూ బండెక్కాడు.

పదకొండూ ఇరవైకి షెడ్డు తలుపు తెరిచారు. వరదయ్య భార్య రెబెకమ్మ గడప బయటే నిలబడింది. లోపలికి రాలేకపోతోంది. ఓదార్చడానికి వచ్చిన చర్చివాళ్ళు నలుగురు వరండాలో కూర్చుని ఉన్నారు. షానవాజ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, శనివారం సాయంత్రం సంగతి నిమిషం నిమిషం చెప్పమన్నాడు.

ఆమె మాట్లాడేది మెల్లగానే గానీ లెక్క తప్పని మనిషి. గురువారం ఆయన బాయిలర్‌లో చన్నీళ్ళు నింపి, రెట్టింపు ఒత్తిడి పెట్టి చూశాడు. చుక్క కారలేదు. శనివారం ఫారూఖ్ ఐదున్నరకు చేతులు కడుక్కుని బస్సుకు పోయాడు. ఆరుంబావుకు ఆయన ఈమెను కేకేసి టార్చి పట్టమన్నాడు. స్పానరు పెట్టి వెనక పలక మీది బిరడా ఇంకో పావు చుట్టు బిగించాడు. సరిగ్గా పట్టుకోవేందని విసుక్కున్నాడు కూడా. ఆరున్నరకు షెడ్డు తాళం వేసి, తాళంచెవి కిటికీ పక్క మేకుకు తగిలించి, ఇద్దరూ ప్రార్థనకూటానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఎనిమిదీ పది.

"ఆ మేకు సంగతి ఎంతమందికి తెలుసమ్మా?"

"వీధిలో తెలియనోళ్ళు ఎవురు నాయనా. ఈయన చెప్పనోళ్ళు యాడుండారు. మూడేండ్ల నించీ వచ్చినోళ్ళకల్లా ఆ ఇంజన్ చూపిస్తానే ఉండె."

షానవాజ్ రాసుకున్నాడు. స్పానరుతో తిరిగిందంటే ఆరుంబావుకు అది మర ఉన్న బిరడాయే. అప్పటికి ఫారూఖ్ బస్సులో ఉన్నాడు. కండక్టరుకు పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు. ఉదయగిరి స్టాండులో ఏడున్నరకు దిగాడని అతను గట్టిగానే చెప్పాడు. మార్పిడి జరిగింది ఆరున్నరకూ ఎనిమిదీ పదికీ మధ్య. ఇది చాలదా అంటే చాలదు. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఆరుంబావో ఐదుంబావో అంటుంది కరుణశ్రీ. చేత్తో పట్టుకుని చూపించే వస్తువు కావాలి.

లోపలికి వెళ్ళాడు. ఇంజను బల్ల మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. వెనక పలకలో బొటనవేలు దూరేంత కన్నం నోరు తెరుచుకుని ఉంది. వరదయ్య ఆ పలకకు జానెడు దూరంలో ముఖం పెట్టి నీటిమట్టం చూస్తుండగా అది ఊడిందని రిపోర్టులో ఉంది. మసక కళ్ళ మనిషి. ముఖం దగ్గర పెట్టకుండా ఆ సన్నటి గాజుగొట్టం చదవలేడు. చంపినవాడికి ఆయన శుక్లాల సంగతి తెలుసు, ఆయన ముఖం ఎక్కడుంటుందో బెత్తలతో సహా తెలుసు.

బల్ల చివర ఇంకా బిగించని రేకు ఒకటి ఉంది. రూపాయి బిళ్ళంత మందం. ఫారూఖ్ బెజ్జాలు వేసి, రివెట్లు పెట్టకుండా వదిలేసినది. షానవాజ్ దాన్ని వెలుతురుకు పట్టి భూతద్దంతో ఒక బెజ్జంలోకి చూశాడు. నడిమధ్యలో చుట్టూ వెంట్రుకంత గట్టు. ఇంకోటి చూశాడు. అందులోనూ అంతే. అతని ముఖం మీదికి ఆ రోజుకు మొదటిసారి నవ్వొచ్చింది.

షానవాజ్ తండ్రి కూడా ఉదయగిరి చెక్కపనివాడే. గరిటెలు చెక్కే నర్ది కర్రకు, తిప్పి తొలిచే బరమాతో ఒకేవైపు నుంచి బెజ్జం వేస్తే, అవతలివైపు పేడు లేచి పని పాడైపోతుంది. అందుకని సగం ఇటునుంచి, తిప్పి సగం అటునుంచి వేస్తారు. రెండూ నడిమధ్యలో కలవాలి. ఇత్తడికి పేడు లేవదు, ఏ లోహం పనివాడూ ఆ తంటాలు పడడు. కానీ ముప్పై ఏళ్ళు కర్రతో బతికిన చెయ్యి ఇత్తడని ఊరుకుంటుందా. ఫారూఖ్ ఒక్కో రేకును తిప్పి తిప్పి వేశాడు. ఒక్క బెజ్జం కూడా వంకర లేదు. రెండు సగాలూ గీత గీసినట్టు కలిశాయి.

మళ్ళీ వెనక పలక దగ్గరికి వచ్చాడు. పెద్ద కన్నం చుట్టూ, పై రేకు మీద, సన్నటి బెజ్జాలు గుండ్రంగా ఎనిమిది. కిట్టుతో వచ్చిన బొమ్మల పుస్తకం తెరిచి చూశాడు. వెనక పలక అంచు వెంబడి పద్నాలుగు రివెట్లు చూపించారు. బిరడా చుట్టూ ఏమీ లేవు. అంటే మర లేని బిరడాను మూసిపెట్టడానికి ఎవరో గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఒకటి పెట్టి, ఎనిమిది రివెట్లతో అలంకరించారు. ఒళ్ళంతా రివెట్లే ఉన్న ఇంజనులో ఇంకో ఎనిమిది ఎక్కువైతే, అందులోనూ శుక్లాల మనిషికి, ఏం తెలుస్తుంది. మూసింది ఏమీ లేదని ఫారూఖ్ అన్నాడు. అతనికి ఈ బిళ్ళ సంగతే తెలియదు.

మరి బిళ్ళ ఏది? పోలీసుల జాబితాలో లేదు. కన్నం ఎదురుగా బల్ల మీద మోచేతులానించి, అటునుంచి వచ్చే దెబ్బ ఎటు పోతుందో చూశాడు. ఎదురు గోడకు మేకుల మీద గోనెసంచులు వేలాడుతున్నాయి. ఒకదానికి చిన్న చిరుగు. కానిస్టేబుల్‌ను, వరండాలోంచి ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, వాళ్ళ ముందే సంచి దులిపాడు. బొగ్గుపొడితో పాటు ఇత్తడి బిళ్ళ టంగుమని గచ్చు మీద పడింది. ఐదు రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దది. ఐదు రివెట్లు ఇంకా దానికే ఉన్నాయి. మూడు ఊడిపోయాయి.

ఉన్న ఐదింటి తలలూ తలా ఒక దిక్కుకు ఒరిగి ఉన్నాయి. ఖాళీ బెజ్జంలోకి భూతద్దం పెట్టాడు. గట్టు ఉంది. కానీ రెండు సగాలూ కలవలేదు, ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగింది. రెండో బెజ్జం చూశాడు, మూడోదీ చూశాడు. మూడూ వంకరే. ఫారూఖ్ చెయ్యి ఈ తప్పు చేయమన్నా చేయదు. కళ్ళకు గంతలు కట్టినా చేయదు.

దొరికింది. కరుణశ్రీ ముఖం కళ్ళ ముందుకొచ్చింది, ఆ టీగ్లాసు, ఆ తాపీ నవ్వు. అక్కడే ఇంకొక్క నిమిషం నిలబడి ఆలోచించి ఉంటే బాగుండేది. నిలబడలేదు. పంచనామాలో బిళ్ళ కొలతలు, బెజ్జాల తీరు, ఫారూఖ్ రేకుకూ దీనికీ తేడా, ఒక్కటి వదలకుండా తనే చెప్పి రాయించాడు. రెబెకమ్మ ఫోన్ నంబరు తీసుకుని, మీ ఆయన్ని చంపినవాణ్ణి వదలనమ్మా అని మాటిచ్చి మరీ బయల్దేరాడు.

రెండూ ఇరవైకి స్టేషన్‌లో అడుగుపెట్టాడు. బెంచీ మీద మస్తాన్బీ కూర్చుని ఉంది. పొద్దుటి బస్సుకు ఉదయగిరి నుంచి వచ్చిందట. అతన్ని చూడగానే లేచి నిలబడింది. ఫికరు చేయొద్దు, నీ కొడుకు ఇయ్యాలే నీతో ఇంటికొస్తాడన్నాడు. ఆమె చేతులు అతని నెత్తి దాకా ఎత్తి దీవించింది. కోర్టుకు తీసుకెళ్ళడానికి ఫారూఖ్‌ను అప్పుడే బయటికి తెస్తున్నారు. మంచిదే, అందరూ ఉన్నారు. షానవాజ్‌కు కావాల్సింది అదే.

బిళ్ళ ఉన్న కవరూ, ఫారూఖ్ రేకూ, భూతద్దమూ కరుణశ్రీ బల్ల మీద పెట్టాడు. ఆరుంబావు స్పానరు సంగతితో మొదలుపెట్టి, బస్సు కండక్టరు మీదుగా బెజ్జాల దాకా వచ్చాడు. మధ్యలో ఆమెను మాట్లాడనివ్వలేదు. చెక్కపనివాడి అలవాటు వివరించాడు. ఫారూఖ్ బెజ్జాలు చూపించాడు, బిళ్ళ మీది వంకర బెజ్జాలు చూపించాడు. ఆరేళ్ళుగా నాలుక మీద దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే వడ్డించాడు.

"ఈ చెయ్యి ఫారూఖ్‌ది కాదు, సీఐ గారూ. రిపోర్టులు రాసే ముందు ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే మీకే తెలిసుండేది. అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు."

కరుణశ్రీ కోపం తెచ్చుకోలేదు. అద్దం పెట్టి రేకు చూసింది, తర్వాత బిళ్ళ చూసింది. చాలాసేపు చూసింది.

"వంకర అయితే అయింది. ఇవి కూడా రెండువైపులా వేసినవేనా?" అంది.

"రెండువైపులా వేసినవే."

"లోహం పనివాళ్ళు అలా వేయరన్నావు."

"వేయరు."

"ఉదయగిరి చెక్కపనివాళ్ళే వేస్తారన్నావు."

షానవాజ్ చెయ్యి చాచి ఆమె దగ్గర భూతద్దం తీసుకున్నాడు.

"అంటే అదే పని నేర్చిన చెయ్యి. కానీ తిప్పి పెట్టుకునేటప్పుడు బిళ్ళను సరిగ్గా పట్టుకోలేని చెయ్యి," అంది కరుణశ్రీ. "పట్టుకోవడానికి రెండో చెయ్యి లేని మనిషి ఏం చేస్తాడు, షానవాజ్? మీ వాళ్ళ సంగతి నీకు తెలుసుగా."

కాలి బొటనవేలితో తొక్కిపట్టుకుంటాడు. కాలి కింద తిప్పిన బిళ్ళ వెంట్రుకవాసి జరుగుతుంది. అతనికి తెలుసు. తండ్రి చెయ్యి బెణికినప్పుడు అలాగే పనిచేయడం చూశాడు. ఆ మాట అతను పైకి అనలేదు, అనాల్సిన పని కూడా లేకపోయింది. రెండువైపులా వేసిన బెజ్జాల సంగతి పంచనామా కాగితంలో తన నోటితోనే రాయించాడు, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాడు.

ఫారూఖ్ సంకెళ్ళతోనే అతని మీదికి దూకాడు. కానిస్టేబుల్ ఆపేలోపల చొక్కా పట్టుకున్నాడు.

"నిన్నెవురు చెప్పమనినారు? నేనే చేసినానని చెప్పినాను కదా. ఒప్పుకున్నాను కదా. నీకేం నొప్పి?"

మస్తాన్బీ ఏడవలేదు, అరవలేదు. షానవాజ్ దగ్గరికొచ్చి అతని ముఖంలోకి చూసింది.

"ఒక బిడ్డని విడిపించమని నీ కాళ్ళు పట్టుకుంటిని నాయనా. ఇంకో బిడ్డని పట్టించమని నేను ఎప్పుడన్నాను?" అంది.

అతనికి నేల చీలితే బాగుండుననిపించింది. కరుణశ్రీ పంచనామా కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. ఆ ఎనిమిది బెజ్జాల వలయం ఆమె మొదటిరోజే చూసింది. బిళ్ళ ఉండి తీరాలని ఆమెకు తెలుసు, దొరకలేదు. దొరికినా దాన్ని చదివే విద్య తనకు లేదు. ఫారూఖ్ నోరు విప్పడు. ఉదయగిరి పనితనం తెలిసి, చీమ జాడ కూడా వదలకుండా వెతికేవాడు ఒకడు కావాలి. ఇదంతా ఆమె దాచకుండా అతనికి చెప్పింది.

"నేను సాయమడిగితే వచ్చేవాడివి కాదు. నా మీద కసితో అయితే పరిగెత్తుకుంటూ వస్తావు. అందుకే మస్తాన్బీకి నీ నంబరు నేనే ఇప్పించాను," అంది.

షానవాజ్ పళ్ళు నూరాడు. కానీ ఎవరి మీద? ఆమె మీద ఎంత మండుతోందో తన మీద అంతకు రెట్టింపు మండుతోంది. కరుణశ్రీ అప్పటికే ఉదయగిరికి జీపు తీయమని చెబుతోంది. వలి ఇంటి అడ్రసు అడిగింది.

"ఉదయగిరిలో లేడు సారూ," అంది మస్తాన్బీ కానిస్టేబుల్ వైపు తిరిగి, నిర్జీవంగా. "నాతోనే బస్సులో వచ్చినాడు. ఇంతకు ముందే పొయ్యినాడు, వరదయ్య ఇంటికి. ఆయమ్మ ఒక్కతే ఉండాది, పలకరించి వస్తా అని."

ఫారూఖ్ ఒక్కసారిగా పెనుగులాట మానేశాడు.

"యాడికి పొయ్యినాడు?" అని తల్లిని మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను షానవాజ్ వైపు తిరిగాడు. ఇప్పుడతని గొంతులో కోపం లేదు, వట్టి భయం.

"సార్, ఆ మిషన్ మూత తీసింది వరదయ్యే. ఇంజన్ పనికి పిలిచినప్పుడు నా ముందు ఏడ్చి చెప్పినాడు, క్షమించమన్నాడు. నేను క్షమించినాను. ఇంటికిపోయి తమ్ముడికీ చెప్పినాను, మనసు తేలికపడతాదని. చెప్పకుండా ఉండాల్సింది. ఆ కాగితం మీద రెండు సంతకాలు ఉండాయి సార్. వలి మూత తీస్తుంటే చూసినానని రెండో సంతకం పెట్టింది ఆయమ్మే. అప్పుడు ఆయమ్మ ఆ శిక్షణ కేంద్రం ఆఫీసులోనే పన్జేస్తా ఉండె."

కరుణశ్రీ చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది. షానవాజ్ కోసం వల పన్నిన మనిషి, అసలువాడి మీద ఒక్క కానిస్టేబుల్‌ను కూడా కాపలా పెట్టలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తోచింది. మాట్లాడుకోకుండానే ఇద్దరూ జీపు వైపు పరుగెత్తారు. పరుగెత్తుతూనే షానవాజ్ రెబెకమ్మ నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి ఎత్తింది.

ఆమె గొంతు పొద్దుటి కంటే నెమ్మదిగా, తేలికగా ఉంది. చర్చివాళ్ళు ఉన్నారా అని అడిగితే, అన్నాలకు పోయినారని చెప్పింది. తలుపు తీసుకుని వీధిలోకి రండి, ఇప్పుడే రండి అన్నాడు. ఆమెకు వినబడలేదో, వినిపించుకోలేదో.

"వలి వచ్చినాడు నాయనా," అంది. "ఏడేండ్ల నించీ ఎదురుచూస్తా ఉండా. వాడి కాళ్ళు పట్టుకుని నా తప్పు ఒప్పుకున్నాను. ఏమీ అన్లా. నువ్వు అలిసిపోయుండావు, కూర్చో, నేను టీ పెడతానని వంటింట్లోకి పొయ్యినాడు. శానాసేపయింది, ఇంకా పొయ్యి ముట్టించినట్టు లేదు. గ్యాస్ వాసన మాత్రం ఇక్కడిదాకా వస్తా ఉండాది."